తొలి రాత, మలి దిద్దు

పళ్లెంలో బియ్యం పోసి, పసుపు కలిపి, పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు తండ్రి. వాడి చూపుడువేలు పట్టుకుని 'ఓం నమః శివాయ, సిద్ధం నమః' అని రాయిస్తాడు. వేలు పిల్లాడిది, బలం తండ్రిది, పక్కనుంచి చెప్పే గొంతు పంతులుగారిది. వాడేమో గింజలు ఒక్కొక్కటీ ఏరి నోట్లో వేసుకునే పనిలో ఉంటాడు. అయినా ఇంటిల్లిపాదీ 'రాసేశాడు, రాసేశాడు' అని మురిసిపోతారు. కాసేపట్లో ఆ బియ్యం పంతులుగారి సంచిలోకి వెళ్లిపోతాయి. మనిషి జీవితంలో మొదటి రాతకు పట్టే గతి అది. ఓనమాలు అన్న మాట పుట్టింది ఆ ఓంనమఃలోంచే. తెలుగువాడు రాసిన మొట్టమొదటి వాక్యం ఏ ఇంటికి వెళ్లి అడిగినా అదే. రాసినవాడికి మాత్రం అది గుర్తుండదు.

గుర్తుండేది పలక దగ్గర్నుంచి. మాస్టారు పలక నిండా ఒకే ఒక్క 'అ' రాసి చేతికిస్తారు. పిల్లాడు దాని మీద బలపం పెట్టి మళ్లీ, మళ్లీ, మళ్లీ తిప్పుతాడు. మధ్యాహ్నానికి ఆ అక్షరం పొంగిన బూరెలా లావెక్కిపోతుంది. అడుగున మాస్టారి సన్నగీత ఎక్కడుందో బ్రహ్మకు కూడా తెలీదు. చెక్క పలకల కాలంలో అయితే దొండాకు, బొగ్గు కలిపి నూరి పలకకు పట్టించి, ఎండబెట్టి, మర్నాడు మళ్లీ మొదలు. అంతకు ముందు ఇసకలో రాసేవారు, నేలమీద గుంటలు చేసి వాటిలో వేలు పోనిచ్చేవారు. గుంట ఓనమాలు అన్నది అందుకే. శ్రీకాకుళం వైపు ఆ మాట వింటే ఇంకో చిన్న నవ్వు కూడా వస్తుంది. అక్కడ గుంటడంటే పిల్లాడు, గుంటంటే ఆడపిల్ల. 'ఏటిరా గుంటడా, ఏటి రాస్తన్నావు' అని తాత పలకరిస్తే గుంట ఓనమాలకు రెండర్థాలూ సరిపోతాయి.

ఈ పనిని తెలుగులో రాయడం అనరు, దిద్దడం అంటారు. అక్షరాలు దిద్దుతారు. తప్పులూ దిద్దుతారు. పరీక్ష పేపర్లు దిద్దుతారు, బొట్టు దిద్దుతారు, చెడిపోయిన కాపురాన్ని చక్కదిద్దుతారు. ఇంకొకరు గీసిన గీత మీద నడవడానికీ, తప్పిన గీతను సరిచేయడానికీ భాష ఒక్క మాటనే ఉంచుకుంది. తొలి రాత గురించి ఏ రచయిత వెనక్కి తిరిగి చూసుకున్నా ఈ రెండర్థాల మధ్యే ఎక్కడో కాలు పెట్టాల్సి వస్తుంది. విజయనగరంలో ఒకాయన ఆ రెండు పనులూ చేశాడు, కథకు ఆ పేరే పెట్టాడు కూడా.

గురజాడ అప్పారావు అనగానే కన్యాశుల్కం, ముత్యాల సరాలు, దేశభక్తి అని పిల్లలు కూడా గడగడా చెప్తారు. ఆయన మొదట రాసినవి ఏవీ అని అడిగితే పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. అవి తెలుగులో లేవు మరి. 1882లో, మెట్రిక్ ప్యాసైన ఏడు, 'కుకూ' అని ఒక ఇంగ్లీషు పద్యం రాశాడు. కోకిల కాదు, కుకూ. విజయనగరం మామిడితోపుల్లో కూసే పిట్ట ఏదైనా, ఆ వయసు కుర్రాడి చెవికి అది పాఠ్యపుస్తకంలోంచే వినిపించి ఉంటుంది. మరుసటేడు 'సారంగధర' వచ్చింది. అదీ ఇంగ్లీషే. కథ మాత్రం మన రాజమండ్రిది. రాజరాజనరేంద్రుడు, చిత్రాంగి, కాళ్లూ చేతులూ నరికించుకున్న కొడుకు. విజయనగరం నుంచే వెలువడుతున్న 'ఇండియన్ లీజర్ అవర్' పత్రికలో అది అచ్చయింది. అక్కణ్ణుంచి కలకత్తా దాకా పోయింది. 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ చూసి ముచ్చటపడి, తన పత్రికలో మళ్లీ వేసుకున్నాడు.

ఇరవై యేళ్ల కుర్రాడికి కలకత్తా పత్రికలో పేరు చూసుకోవడం అంటే మాటలు కాదు. మెచ్చుకున్న ఆ చేత్తోనే శంభుచంద్రుడు ఒక చురక కూడా పెట్టాడు. ఎంత ప్రతిభ ఉన్నా పరాయి భాషలో రాస్తే ఒక హద్దు దాటలేవు, నీ భాషలో రాయి అని దాని తాత్పర్యం.

ఈ సలహా బెంగాలీలకు కొత్త కాదు. మైకేల్ మధుసూదన్ దత్ మొదటి పుస్తకం 'ది కేప్టివ్ లేడీ' 1849లో మద్రాసులోనే అచ్చయింది, ఇంగ్లీషులో. బెంగాలీలో రాయమని బెథూన్ దొర చెప్పించాడు. బంకించంద్రుడి తొలి నవల 'రాజ్‌మోహన్స్ వైఫ్' 1864 నాటిది, అదీ ఇంగ్లీషే. మరుసటేడే దుర్గేశనందిని బెంగాలీలో వచ్చింది, ఆయన ఇక వెనక్కి చూడలేదు. అంటే ఆ శతాబ్దంలో పెద్ద రచయితలు చాలామంది దొరగారి పలక మీదే మొదట దిద్దారు. మాస్టారి గీత మీద బలపం పెట్టి, తర్వాత పలక తుడిచేసుకున్నారు.

అదే 1883లో, అదే విజయనగరంలో ఇంకో కుర్రాడు ఉన్నాడు. అజ్జాడ నుంచి వచ్చినవాడు, పందొమ్మిదేళ్లవాడు, గొంతు విప్పితే వీధి చివరిదాకా వినబడే రకం. మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే ఆయన ఊళ్లో హరికథ చెప్తే విన్నాడు. విన్నవాడు ఇంటికెళ్లి పడుకోకుండా తనూ ఒకటి కట్టేశాడు, ధ్రువచరిత్ర. ఆ కుర్రాడే ఆదిభట్ల నారాయణదాసు. దాసుగారిదీ దిద్దుడే, మద్రాసు భాగవతారు గీసిన గీత మీద. కాకపోతే ఈయన బలపం మొదటి పూటనుంచే అడ్డదిడ్డంగా పోయింది, గీత మీద నిలబడే రకం కాదు. ఆయన ఆత్మకథ 'నా యెఱుక' ముప్ఫయ్యేళ్ల దగ్గర ఆగిపోతుంది. తొలి రోజులను తలుచుకున్నంతసేపూ తలుచుకుని, మిగతాది చెప్పకుండా లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది.

రెండు వీధుల అవతల ఇవతల, ఒకే ఏడు, ఒకడు ఇంగ్లీషు ఛందస్సులో సారంగధరుణ్ణి ఏడిపిస్తున్నాడు, ఇంకొకడు చిడతలు పట్టుకుని ధ్రువుణ్ణి అడవికి పంపుతున్నాడు. ఊరంటే అది.

సరే, తొలి రాతను రచయితలు ఏం చేసుకుంటారు? కొందరు కాల్చేస్తారు. రష్యాలో గొగోల్ 1829లో మారుపేరుతో ఒక కావ్యం సొంత డబ్బు పెట్టి అచ్చేయించాడు. విమర్శకులు ఎగతాళి చేశారు. అంగడి అంగడికీ తిరిగి దొరికిన ప్రతులన్నీ తనే కొని తగలబెట్టాడు. శ్రీశ్రీ అంత పని చేయలేదు గానీ, 1928లో పద్యాలతో వచ్చిన 'ప్రభవ'ను మహాప్రస్థానం మింగేసింది. పాఠకుడికి ఆ పుస్తకం పేరు గుర్తుచేస్తే గానీ గుర్తురాదు. విజయనగరం చాసో కూడా మొదట కవిత్వం దగ్గరే తచ్చాడారు. శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి లాంటివాళ్ల సావాసంలో కవిత్వం రాయకపోతేనే ఆశ్చర్యం. 'చిన్నాజీ' కథ 1942లో భారతిలో వచ్చాక దారి తేలిపోయింది.

గురజాడ తన ఇంగ్లీషు పద్యాలను కాల్చలేదు, దాచుకోనూ లేదు. అంతకన్నా కొంటెపని చేశాడు. వాటిని గిరీశానికి ఇచ్చేశాడు.

కన్యాశుల్కంలో గిరీశం ఏం చేస్తుంటాడో ఒకసారి తలుచుకోవాలి. చుట్ట కాలుస్తాడు, అప్పులు ఎగ్గొడతాడు, వెంకటేశానికి చదువు చెప్తున్నానంటాడు. వీటన్నిటి మధ్యా ఇంగ్లీషులో 'పొయిట్రీ' కడతాడు. వితంతువు మీద తను అల్లిన ఇంగ్లీషు పద్యాన్ని శిష్యుడికి వినిపించి మురిసిపోతాడు. ప్రేక్షకుడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు. రాసినవాడు ఎవరో గుర్తున్నవాడికి మాత్రం ఆ నవ్వు మధ్యలో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. విజయనగరంలో కూర్చుని ఇంగ్లీషు పద్యాలు కట్టి, పేరున్న పత్రికల్లో చూసుకున్న కుర్రాడు ఒకడు నిజంగానే ఉండేవాడు కదా. గిరీశంలో గురజాడ ఉన్నాడని అంటే ఆయన అభిమానులకు కోపం వస్తుంది, రావాల్సిన పని లేదు. గిరీశం మోసం గురజాడది కాదు, కానీ గిరీశం పలక మీద ఉన్న ఆ ఇంగ్లీషు గీత గురజాడకు బాగా పరిచయమే. తన తొలి రాతను ఇంత నిర్దాక్షిణ్యంగా, ఇంత సరదాగా దిద్దుకున్న రచయిత తెలుగులో మరొకడు కనబడడు.

కన్యాశుల్కం సంగతి కూడా అంతే. చాలామంది చదివేదీ, నాటకాలాడేదీ, డైలాగులు అప్పచెప్పేదీ రెండో కన్యాశుల్కం. మొదటిది 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవాళ్లు ఆడారు. 1897లో ఆనందగజపతి మహారాజుకు అంకితమై పుస్తకంగా వచ్చింది, ఆ మహారాజు అదే ఏడు పోయారు. ఆ పుస్తకానికి గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశాడు. అందులో ఒక లెక్క ఉంది. మహారాజు విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ పెళ్లిళ్లను మూడేళ్లకు లెక్కగట్టించారు. తేలినవి 1034. అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36. ఇంకా కిందికి వెళ్తే ఏడాది పాపలు కూడా ఉన్నారు. ఓనమాలు కూడా దిద్దని చేతులకు గాజులు తొడిగి, వెల కట్టి పంపిన లెక్క అది. కన్యాశుల్కానికి అసలు తొలి రాత ఏదీ అంటే, గిరీశమూ కాదు మధురవాణీ కాదు, ఆ పట్టికే అనిపిస్తుంది. ఏ గుమాస్తాలు రాశారో గానీ ఒక్క విశేషణం లేదు, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. చదివితే మాత్రం గుక్క తిరగదు.

పన్నెండేళ్ల తర్వాత, 1909లో, ఆ నాటకాన్ని ఆయన మళ్లీ పలక మీద పెట్టాడు. అయిదంకాలు ఏడయ్యాయి. మాటలు పెరిగాయి, మనుషులు పెరిగారు. అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది మధురవాణి. మొదటి పుస్తకంలో ఉండీ లేనట్టుండే మనిషి రెండోదానిలో నాటకం పగ్గాలు చేతిలోకి తీసుకుంది. బొంకులదిబ్బ మీద గిరీశం ఒంటరిగా మాట్లాడుకుంటుంటే తెర లేస్తుంది. కోట పక్కన ఆ దిబ్బ పేరు విజయనగరంలో ఇప్పటికీ ఉంది, రిక్షావాడికి చెప్తే తీసుకెళ్తాడు. సంస్కరణ కోసం రాసిన నాటకం సంస్కర్తలను కూడా ఆటపట్టించే నాటకం అయింది. దిద్దినది అచ్చుతప్పుల వరకే అయితే ఇంత తేడా రాదు. పన్నెండేళ్లలో గురజాడకు మనుషుల మీద అభిప్రాయమే మారింది. మొదటిసారి రాసినవాడికి లోకం మీద కోపం ఉంది. రెండోసారి రాసినవాడికి ఆ కోపంతోబాటు లోకం మీద సరదా కూడా పుట్టింది. మొదటి పుస్తకం తీసిపారేయాల్సింది కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఒక విందు. ఎక్కడ బలపం రెండోసారి నొక్కాడో, ఎక్కడ తడిగుడ్డ పెట్టి తుడిచేశాడో కళ్లకు కడుతుంది.

విజయనగరం బడిలో ఈయనతో కలిసి చదువుకున్న ఇంకొకాయన తన తొలి రాత గురించి బెంగ పెట్టుకోలేదు, ఇంకొకరి తొలి రాత గురించి పెట్టుకున్నాడు. శ్రీకాకుళం ప్రాంతం పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరాడు. కొండల మీంచి దిగివచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. అప్పటిదాకా ఆ భాషకు పలక లేదు. పాటలున్నాయి, మంత్రాలున్నాయి, చచ్చినవాళ్లతో మాట్లాడే పద్ధతులున్నాయి, అక్షరాలు లేవు. గిడుగు తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేశాడు, సొంత డబ్బుతో బళ్లు పెట్టాడు. అక్కడ ఒక సవర గుంటడు తన ఇంటి మాటను మొదటిసారి పలక మీద చూసుకున్న రోజు ఒకటి ఉండే ఉంటుంది. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఈలోగా 1936లో మంగై గొమాంగో సవరకు సొంత లిపి కట్టాడు, సొరంగ్ సొంపెంగ్. అంటే వాళ్లు కూడా మాస్టారి గీత తుడిచేసుకుని తమ గీత తాము గీసుకున్నారన్నమాట. గిడుగు బతికే ఉన్నాడు అప్పటికి.

శ్రీకాకుళం పట్నంలో విశాఖ ఏ కాలనీలో ఒక ఇల్లుంది. ఇల్లు అనే అనాలి, గ్రంథాలయం అంటే ఏదో ప్రభుత్వ భవనం అనుకుంటారు. పేరు కథానిలయం. 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచింది. కట్టించినాయన కాళీపట్నం రామారావు, మురపాకలో 1924లో పుట్టి, జీవితమంతా బడిపంతులుగా బతికి, అందరికీ కారా మాస్టారుగా మిగిలిన మనిషి. తనకు వచ్చిన అవార్డుల సొమ్ము అందులో పెట్టారు. పాత పత్రికలున్న ఇల్లు ఎక్కడుందంటే అక్కడికి వెళ్లేవారు. అటకల మీది దుమ్ము దులిపించి, ఇచ్చేవాళ్ల దగ్గర పుచ్చుకుని, ఇవ్వనివాళ్ల దగ్గర జెరాక్సు తీయించి, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని చూశారు. మంచి కథలు కాదు, ప్రతి కథా. మాస్టారి ఆ పట్టుదలలో ఒక చిక్కు ఉంది, రచయితలకు.

రచయిత పుస్తకం వేసుకునేటప్పుడు ఏం చేస్తాడు? పందొమ్మిదో ఏట రాసిన కన్నీటి కథను నెమ్మదిగా పక్కన పెడతాడు. సంపుటిలో ఉండదు, జాబితాలో ఉండదు, ఇంటర్వ్యూలో అడిగితే మరో కథ పేరు చెప్తాడు. ఆ వారపత్రిక చిత్తు కాగితాల వాడికి ఏనాడో వెళ్లిపోయింది కదా అని ధైర్యం. కథానిలయంలో అది ఉంటుంది. తేదీతో సహా ఉంటుంది, పక్కన ఆనాటి తలనొప్పి మాత్రల ప్రకటనతో సహా. దాచుకున్న తొలి రాతను జాగ్రత్తగా అట్టవేసి బీరువాలో పెట్టే ఊరు భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో!

కారా మాస్టారి సొంత తొలి కథలూ అక్కడే ఉన్నాయి. ఇరవయ్యేళ్లు నిండకముందే మొదలుపెట్టి, కొంతకాలం రాసి, మధ్యలో ఆపేసి, 1960ల్లో మళ్లీ కలం పట్టుకుని యజ్ఞం రాసిన మనిషి ఆయన. 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం పేరు 'యజ్ఞంతో తొమ్మిది'. అంటే లోకానికి కారా ఆ తొమ్మిదీ. అంతకు ముందటి కుర్ర కథలను వదిలేసినా అడిగేవాడు లేడు. ఊళ్లోవాళ్ల పాత చిత్తులన్నీ మోసుకొచ్చి పెట్టినాయన తన చిత్తులను కూడా ఆ వరసలోనే ఉంచారు. లెక్క అంటే లెక్కే.

ఈ ఇంటి బీరువాల వల్లే ఒక పెద్ద తగువు కూడా బలపడింది. తెలుగులో మొదటి కథ ఏది? చాన్నాళ్లుగా పాఠాల్లో ఉన్న జవాబు, గురజాడ 'దిద్దుబాటు', 1910 ఫిబ్రవరి, ఆంధ్రభారతి పత్రిక. కాదు, 1902లో హిందూసుందరిలో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాసింది, అది ఎనిమిదేళ్లు ముందు అని మరొకరు. ముప్ఫయ్యేళ్లు దాటీ దాటగానే 1905లో పోయిన ఆవిడకు ఆ పేరు దక్కడానికి చాలాకాలం పట్టింది. ఇంకా వెనక్కి వెళ్దామని వివిన మూర్తి పాత పత్రికలు తిరగేసి, దిద్దుబాటుకు ముందు వచ్చిన 92 కథలను తవ్వి తీసి ఒక పుస్తకం చేశారు. దానికి పెట్టిన పేరు 'దిద్దుబాటలు'. ఒక్క అక్షరం మార్చి దిద్దుబాటును బాట చేసేశారు. ఒక పేరు మీద ఇంకో పేరు ఇలా దిద్దడం చూస్తే గురజాడ మీసాల్లో నవ్వుకునేవాడే.

92 ముందున్నాయని తేలాక దిద్దుబాటు ఏమైనా చిన్నబోయిందా అంటే, ఆ కథ మళ్లీ చదివినవాళ్లు అలా అనరు. గోపాలరావు చదువుకున్నవాడు, స్త్రీవిద్య గురించి పెద్ద మాటలు చెప్పేవాడు, రాత్రుళ్లు మాత్రం సానిదాని పాట వినడానికి పోయేవాడు. ఒక రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తే భార్య లేదు. నౌకరు రాముడికి ఏమీ తెలీదు. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది. కమలిని రాసి పెట్టింది. మొగుడికి అంత తిన్నగా, అంత మర్యాదగా, అంత గట్టిగా ఆవిడ అంతకు ముందు ఎప్పుడైనా రాసిందో లేదో కథ చెప్పదు. గోపాలరావు దీపం దగ్గర ఆ కాగితం చదువుకుని, కూలబడి, నౌకరు ముందే తప్పు ఒప్పుకుని, భార్యను తీసుకురమ్మని వాణ్ణి పుట్టింటికి తరమడానికి సిద్ధమవుతాడు. అప్పుడు మంచం కిందనుంచి గలగలమని నవ్వు, గాజుల చప్పుడు.